ఖాళీ గళ్ళు

ఏప్రిల్ 6

పెద్దమ్మా,

నిన్న ఫోన్లో నేను అరిచిన అరుపులకు పక్క గదిలో ఉండే ఫార్మసిస్టు వచ్చి తలుపు కొట్టింది, ఎవరితోనైనా గొడవ పడుతున్నానేమోనని. నీకు మాత్రం ఒక్క ముక్కా అందలేదు. ఇక లాభం లేదు, ఉత్తరమే రాస్తున్నాను. నీ చెవులు రిటైరయ్యాయి గానీ కళ్ళు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి కదా.

సంగతి ఇది. వార్డుల్లో పనిచేసే డాక్టర్లకు పరిశోధన నేర్పే ఫెలోషిప్పు ఒకటి పడింది. ఎంపికైతే రెండేళ్ళపాటు వారానికి నాలుగు రోజులు వార్డు డ్యూటీ ఉండదు. జీతం వాళ్ళే ఇస్తారు. రోగుల మీద అధ్యయనం ఎలా నడపాలో, లెక్కలు ఎలా తీయాలో, పుస్తకంలో ఉన్న సంగతిని రోగి ఇంటిదాకా ఎలా చేర్చాలో దగ్గరుండి నేర్పిస్తారు. అయితే చదువు అయిపోయిన ఏడేళ్ళలోపే దరఖాస్తు పెట్టుకోవాలి. నాకిది ఏడో ఏడు. మొదటిదీ ఇదే, ఆఖరిదీ ఇదే.

నేను పొద్దుట ఎనభై మందిని చూస్తాను. మనిషికి నాలుగు నిమిషాలు. కాలు తీసేయాల్సిన స్థితిలో నా దగ్గరకు వస్తారు. రెండు నెలల ముందే ఎందుకు రాలేదని అడిగి, వాళ్ళు చెప్పేది వినే తీరిక నాకుండదు. ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా అడగడానికి నాకు రెండేళ్ళు కావాలి పెద్దమ్మా.

దరఖాస్తుతో పాటు, ఈ పని జరిగేదేనని చూపించే పాత సమాచారం ఏదైనా జత చేయాలట. నా దగ్గర ఏముంది, నా మొహం. నీ దగ్గర ఉంది. నీలాగే షుగరున్న వాళ్ళకు పాదంలో ఒకచోట వేడెక్కితే కొన్నాళ్ళకు అక్కడ పుండు పడవచ్చన్నది పుస్తకాల్లో ఉన్నదే. ఆ వేడిని ఇంట్లోవాళ్ళు రోజూ కొలుస్తారా లేదా అన్నది మాత్రం మా దగ్గర ఎవరూ చూడలేదు. నువ్వు చూశావు. నీ నర్సు ఉద్యోగంలో ఆఖరి ఆరేళ్ళు డ్రెస్సింగ్ రూములో కూర్చుని, పది థర్మామీటర్లు ఇంటింటికీ నెల చొప్పున అరువిచ్చి, ముప్ఫై గళ్ళ కార్డు చేతిలో పెట్టి, తిరిగొచ్చిన కార్డులన్నీ రిజిస్టర్లలో ఎక్కించావు. ఆ రిజిస్టర్లు ఆరూ ఉన్నాయా?

మీ ఆసుపత్రి అనుమతి కాగితం నేను తెప్పించుకుంటాను. రోగుల పేర్లు ఎక్కడా రానివ్వను. కమిటీలో పెద్దవాళ్ళుంటారు, మా గైడు మేడమ్ సరేసరి, ఆవిడ కామా కూడా వదలరు. పంపుతావా?

నీ బుడ్డి


ఏప్రిల్ 15

బుడ్డికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ దస్తూరీ అర్థం చేసుకోవడానికి, రెండోసారి సంగతి అర్థం చేసుకోవడానికి. డాక్టర్లకు చేతిరాత పాడుచేసుకోవడం కూడా కాలేజీలోనే నేర్పుతారేమో.

రిజిస్టర్లు మంచం కింద పెట్టెలో ఉన్నాయి. నేను దిగిపోయిన రోజు స్టోరువాడు వాటిని చిత్తు కాగితాల్లో వేస్తుంటే నాకివ్వమని అడిగి తెచ్చుకున్నాను. మీ అమ్మ అప్పుడు నవ్వింది, అందరూ రిటైరైతే గడియారం తెచ్చుకుంటారు, మా అక్క పుండ్ల లెక్కలు తెచ్చుకుందని. నవ్విన నాపచేనే పండింది చూశావా.

నలభై ఏళ్ళు డాక్టర్లు చెప్పింది నేను రాశాను. నేను రాసింది ఇమ్మని ఒక డాక్టరు అడగడం ఇదే మొదలు. అది కూడా నా చేతుల మీద పెరిగిన డాక్టరు. కళ్ళనీళ్ళు తిరిగాయే బుడ్డీ, నీ దగ్గర దాపరికం ఏముంది.

పది రోజులు గడువివ్వు. పెద్దవాళ్ళ ముందుకు వెళ్ళే రిజిస్టర్లను చింపిరి జుట్టుతో పంపలేను. ఇన్‌స్పెక్షను అంటే మేం వార్డును ఎలా సర్దేవాళ్ళమో నువ్వు చూడలేదు. అట్టలు వేసి, అన్నీ సరిచేసి పార్సిల్లో పంపుతాను.

కింద టైలరు దుకాణం వాళ్ళు మెట్ల మీద గుడ్డ పీలికలు పడేస్తున్నారు. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పను, చీపురు తీసుకుని దిగుతాను.

పెద్దమ్మ


జూన్ 20

పెద్దమ్మా,

వచ్చింది. పదకొండు మందిలో ముగ్గురికి ఇచ్చారు, అందులో నేనొకదాన్ని. డ్యూటీ మధ్యలో పరుగు మీద రాస్తున్నాను, కాబట్టి దస్తూరీ గురించి ఏమీ అనకు.

పొడుగాటి బల్లకు అవతల అయిదుగురు. ఇవతల నేనొక్కదాన్ని, ఒక గ్లాసు నీళ్ళు. నీ రిజిస్టర్లు వాళ్ళ మధ్య ఉన్నాయి, నువ్వు వేసిన గోధుమరంగు అట్టలతో. నా చదువు గురించి రెండు ప్రశ్నలు అడిగి వదిలేశారు. మిగతా అరగంటా నీ రిజిస్టర్ల గురించే. లెక్కలు చూసే పెద్దాయన పేజీలు తిప్పి తిప్పి, "నూట నలభై ఇళ్ళు, ముప్ఫై రోజులు, ఒక్క గడీ ఖాళీ లేదు. ఇంత బుద్ధిమంతులైన రోగులు నా సర్వీసు మొత్తంలో నాకు తగల్లేదమ్మా" అన్నాడు. "మా పెద్దమ్మంటే భయం సార్" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే పని అయిపోయిందనిపించింది.

నిజం చెప్పాలంటే నా దరఖాస్తంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. నేర్పిస్తే ఇంట్లోవాళ్ళు రోజూ కొలుస్తారు. ఇక ఆ కొలతను చూసి రోగిని ముందుగా ఎలా పిలిపించాలన్నదే నా అధ్యయనం.

ఇంతకీ వాళ్ళ చేత రోజూ ఎలా రాయించావు? బెదిరించావా, బతిమాలావా? ఆ పద్ధతే నేను పెడతాను, వివరంగా రాయి. జూలైలో ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాలి. సెప్టెంబరు ఒకటి నుంచి పని మొదలు. వార్డులో నా బదులు వచ్చే అమ్మాయికి అప్పుడే స్టెతస్కోపు తగిలించుకునే కొక్కెం కూడా చూపించేశాను.

ఎగిరి గంతేస్తున్న
బుడ్డి


జూన్ 29

మా డాక్టరమ్మకు,

కింద టైలరుకు చెప్పాను. పాలవాడికి చెప్పాను. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు బిల్లు ఇచ్చి పోతుంటే నిలబెట్టి చెప్పాను. వాడు, "ఫెలోషిప్పంటే ఏంటమ్మా" అన్నాడు. "రోగులు రాకముందే వాళ్ళ దగ్గరకు వెళ్ళడం నేర్పే చదువు" అన్నాను. తప్పు చెప్పానా?

పద్ధతి అడిగావు. పద్ధతేముంది. మొదటి రోజు రోగి పాదం మీద నా చెయ్యి పెట్టి, తర్వాత వాళ్ళింటి మనిషి చెయ్యి పెట్టించేదాన్ని. రెండు పాదాలకూ తేడా తెలిసేదాకా వదిలేదాన్ని కాదు. చెయ్యి నమ్మాకే థర్మామీటరు ఇచ్చేదాన్ని. అంతే.

అయితే అందరూ రోజూ రాశారని నువ్వు నిజంగా నమ్మావుటే, పిచ్చిమొద్దూ? మనుషులన్నాక అన్ని రోజులూ ఒకేలా ఉంటారా. వారం రాసి నాలుగు రోజులు ఎగ్గొట్టేవాళ్ళు. ఒక లారీ డ్రైవరు నెల మొత్తంలో పది గళ్ళే నింపాడు. ఒకావిడ మొదటి పదిహేనూ ముత్యాల్లా రాసి తర్వాత ఒక్కటీ రాయలేదు. నీకు పంపే ముందు పది రోజులు కూర్చుని అన్నీ నేనే సరిచేశాను. ముందురోజు ఎంతుంది, తర్వాత ఎంతుంది చూసుకుని మధ్యలో సరిపడే అంకె వేశాను, ఊరికే తోచినట్టు వేయలేదు. మొత్తం మీద మూడో వంతు ఉంటాయి. ఇంకు రంగు కూడా కలిసేలా చూశాను. వేళ్ళు పట్టేసి రెండు రోజులు గరిటె పట్టుకోలేకపోయాను తెలుసా.

ఆ లెక్కల పెద్దాయన మెచ్చుకున్నాడంటే నా కష్టం ఊరికే పోలేదు.

పెద్దమ్మ


జూలై 5

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆసుపత్రి స్కూటరు స్టాండులో నిలబడి చదివాను. చదివాక స్కూటరు తాళం ఎక్కడ పెట్టానో తెలియలేదు. అది చేతిలోనే ఉంది.

నువ్వేం చేశావో నీకు అర్థమవుతోందా? నేను అడిగిన ప్రశ్నే అది. ఇంట్లోవాళ్ళు రోజూ కొలుస్తారా, కొలవరా? దానికి జవాబు ఆ ఖాళీ గళ్ళలో ఉంది. నువ్వు ఆ జవాబు తుడిచేసి నాకు నచ్చే జవాబు రాసిపెట్టావు. దాన్ని పట్టుకుని నేను అయిదుగురి ముందు కూర్చుని హాస్యాలాడాను. ఆ పెద్దాయన మెచ్చుకోలేదు పెద్దమ్మా. ఆయనకు అనుమానం వచ్చింది. నాకే అర్థం కాలేదు.

మీ వార్డుల్లో దీన్ని సరిచేయడం అంటారేమో. ఇక్కడ దొంగలెక్క అంటారు. ఇలాంటి పని చేసినవాళ్ళ పేరు కాగితాల మీదికెక్కితే ఇక జన్మలో ఎవరూ వాళ్ళకు పరిశోధన అప్పగించరు.

కార్డులు ఉన్నాయా? అసలు కార్డులు, వాళ్ళు తమ చేత్తో రాసినవి. ఉంటే వెంటనే పంపు. మళ్ళీ వాటి మీద పెన్ను పెట్టకు.


జూలై 13

డాక్టరు గారికి నమస్కారం.

తమరు రాసిన ఉత్తరం అందింది. కింద సంతకం లేదు. కోపంలో మర్చిపోయి ఉంటారు. నలభై ఏళ్ళ సర్వీసులో నన్ను దొంగ అన్నవాళ్ళు లేరు. ఆ ముచ్చట తమరి చేత తీరింది.

ఇంక మీరు అనడం నా వల్ల కావడం లేదు. చెయ్యి తిరగడం లేదు. విను.

నేను పనిలో చేరినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మా పెద్ద సిస్టరు ఉండేది, ఆవిడ నడిచొస్తుంటే మంచాలు కూడా సర్దుకునేవి. ఒక సాయంత్రం వాంతులవుతున్న మనిషిని పట్టుకుని కూర్చుని, నాలుగు గంటల నాడి చూడలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. నిజమే కదా, చూడలేదు కాబట్టి వదిలేశాను. ఆవిడ ఆ చార్టు నా చేతికిచ్చి వరండాలో అందరూ తిరిగేచోట గంట నిలబెట్టింది. "ఖాళీ గడి అంటే కునుకు తీసిన నర్సు" అంది. ఆ తర్వాత నా చార్టులో ఖాళీ అన్నది లేదు. మా వార్డులో ఎవరి చార్టులోనూ ఉండేది కాదు. డాక్టర్లకు తెలియదనుకోకు. తెలుసు. నిండుగా ఉంటే చాలనుకునేవాళ్ళు.

ఒక్క ఆ ఆరు రిజిస్టర్లలోనే ఖాళీలు వదిలాను. అవి నా సొంతానివి, ఎవరూ తనిఖీ చేయరు కదా అని. నువ్వు అడిగేసరికి నా పాత భయం మళ్ళీ పట్టుకుంది. నీ పెద్దమ్మ కునుకు తీసిందని నీ కమిటీవాళ్ళు అనుకోకూడదని చేశాను. ఇంకేమీ లేదు.

కార్డులు లేవు. రిజిస్టర్లో ఎక్కించాక చించేసేవాళ్ళం. రిజిస్టర్లు నాకు పంపితే నేను వేసినవాటికి ఎర్ర ఇంకుతో సున్నా చుడతాను, గుర్తున్నంతవరకు. నీ గైడుకు చెప్పావా? ఏమన్నారు?

పెద్దమ్మ


జూలై 22

పెద్దమ్మా,

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఉత్తరం పెట్టెలో వేసిన మరుక్షణం చెయ్యి లోపలికి పెట్టి తీసుకుందామని చూశాను, చెయ్యి పట్టలేదు. వరండాలో నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ పిల్లను తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఎర్ర సున్నాలు వద్దు. ఏది ఎవరు రాశారో నీకు గుర్తుందని నువ్వు అనుకుంటావు, నూట నలభై ఇళ్ళు ఎవరికీ గుర్తుండవు. దానితో మరో తప్పు మొదలవుతుంది.

గైడు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు దాని గురించి మనసు పాడుచేసుకోకు, ఎవరితోనూ అనకు. దరఖాస్తు నా పేరు మీద వెళ్ళింది. మంచైనా చెడైనా నాదే.

ఇక్కడ వానలు. హాస్టలు మెట్ల కింద గొడుగులు ఆరబెడితే ఒకరిది ఒకరు పట్టుకుపోతున్నారు. నాకు ఒక పువ్వుల గొడుగు మిగిలింది, వార్డుకు అదే వేసుకెళ్తున్నాను.

బుడ్డి


ఆగస్టు 2

బుడ్డికి,

నీ ఉత్తరం చూసిన దగ్గర్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. మంచైనా చెడైనా నాదే అని రాస్తావా? ఎప్పటినుంచే ఇంత పెద్దదానివయ్యావు? చేసింది నేను. ఆ నింద నువ్వు నెత్తిన వేసుకుని, నా పేరు బయటకు రానివ్వకుండా చూద్దామని నీ ఎత్తు. నాకు తెలియదనుకున్నావు. చిన్నప్పుడు మీ అమ్మ పగలగొట్టిన అద్దం నేనే పగలగొట్టానని చెప్పి దెబ్బలు తిన్నదాన్ని. ఈ విద్య నాకు కొత్త కాదు.

అందుకని నీ గైడు మేడమ్‌కు నేనే ఉత్తరం రాశాను. ఆసుపత్రి చిరునామా నీ కవరు మీదే ఉంది. జరిగిందంతా ఉన్నదున్నట్టు రాశాను. అంకెలు వేసింది నేనని, పిల్లకు ఏమీ తెలియదని, జూన్ ఇరవై తొమ్మిదిన నేను చెప్పేదాకా అనుమానం కూడా లేదని రాశాను. తెలిసిన వెంటనే నన్ను ఎలా చీవాట్లు పెట్టిందో చూడండి, దాని నిజాయితీకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని, జూలై ఐదున నువ్వు రాసిన ఉత్తరం కూడా జత చేశాను. నా పనిని దొంగలెక్క అన్న ఉత్తరం. అది చదివితే నీ మీద ఎవరికీ అనుమానం ఉండదు.

ఇప్పుడు నా మనసు తేలికపడింది. నువ్వూ నిశ్చింతగా ఉండు.

పెద్దమ్మ


ఆగస్టు 14

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

మేడమ్ నన్ను సోమవారం పిలిచారు. ఆవిడ బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి జూలై ఐదున నేను నీకు రాసిన ఉత్తరం. రెండోది ఫెలోషిప్పు ఒప్పుకోలు కాగితం. సమర్పించిన సమాచారమంతా నాకు తెలిసినంతవరకు నిజమని దాని అడుగున ఉంటుంది. దాని కింద నా సంతకం, జూలై పద్దెనిమిది.

అవును. నేను ఆవిడకు చెప్పలేదు. చూసుకుంటానని నీకు రాసిన రోజుకే సంతకం పెట్టేసి నాలుగు రోజులైంది. ముందు చేరిపోదాం, తర్వాత కొత్త సమాచారం తెచ్చి పాతదాన్ని మెల్లగా పక్కకు తప్పిద్దాం అనుకున్నాను. ఇలాగే అనుకున్నాను, ఇవే మాటల్లో. నువ్వు నా నిజాయితీకి సాక్ష్యమని పంపిన కాగితమే నా మీద సాక్ష్యమైంది.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఐదో తారీఖునే వచ్చి చెప్పి ఉంటే కమిటీ ముందు నీ పక్కన నేను నిలబడేదాన్ని. మీ పెద్దమ్మ తెలియక చేసింది. పద్దెనిమిదో తారీఖున నువ్వు చేసింది తెలిసే చేశావు" అన్నారు. అంతే. నాకు కూర్చోమని కుర్చీ కూడా చూపించారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫెలోషిప్పు రద్దయింది. ఏడో ఏడు దాటిపోతుంది కాబట్టి మళ్ళీ పెట్టుకోవడానికి లేదు. నా బదులు రావాల్సిన అమ్మాయికి రానక్కర్లేదని నేనే వెళ్ళి చెప్పాను. నిన్న మళ్ళీ ఎనభై మూడు మందిని చూశాను. అందులో ఒకాయన కాలు మోకాలి కింద తీసేయాలి.

నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే నేను ఎప్పటికీ చెప్పేదాన్ని కాదేమో. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే నీ మీద కోపం తగ్గడం లేదు. కొన్నాళ్ళు నాకు రాయకు.

బుడ్డి


సెప్టెంబరు 21

పెద్దమ్మా,

రాయకన్నాను, నువ్వు మానేశావు. ఇన్నేళ్ళలో నా మాట విన్నది ఇదొక్కసారేనేమో. అమ్మను అడిగితే నువ్వు బాగానే ఉన్నావంది. నీ షుగరు ఎలా ఉందంటే, "అడిగితే బాగానే ఉందంది" అంది. ఆ జవాబు నాకు నచ్చలేదు.

నా సంగతి చెప్తాను. పోయిన నెలాఖరున మేడమ్ వార్డుకు వచ్చి, "శనివారం మధ్యాహ్నాలు నీకు డ్యూటీ లేదు కదా, నా క్లినిక్కుకు రా" అన్నారు. జీతం లేదు, పేరు లేదు, సర్టిఫికెట్టు లేదు. ఒక మూల బల్ల, అయిదు థర్మామీటర్లు. క్షమించారా అంటే తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నువ్వు రాసిన పద్ధతే పెట్టాను, ముందు చెయ్యి, తర్వాత థర్మామీటరు. ఆవిడ చూసి, ఇది ఎవరు నేర్పారని అడిగారు. చెప్పాను. పక్కనే నిలబడి ఇంకో ఇద్దరికి నేను చూపించేదాకా కదల్లేదు.

మొదటి కార్డులు నడుస్తున్నాయి. ప్రతి శనివారం తెప్పించి చూస్తున్నాను. అప్పుడే ఖాళీలే ఖాళీలు. ఎందుకు కొలవలేదంటే ఒకాయన తీరలేదంటాడు, ఒకామె మర్చిపోయానంటుంది. ఆమె తన చెవి జూకాల గురించి పదేళ్ళనాటి సంగతి చెప్పగలదు, నిన్నటి కాలు ఎలా మర్చిపోతుంది? నాకు నమ్మకం కుదరడం లేదు. ఎంత అడిగినా ఆ రెండే జవాబులు. నువ్వు వాళ్ళ కాళ్ళ దగ్గర అన్నేళ్ళు కూర్చున్నావు. నీకేమైనా తెలుసా?

మేం వేసిన కొత్త కార్డు ఒకటి పంపుతున్నాను. గళ్ళు చిన్నవయ్యాయేమో చూసి చెప్పు. కోపం పోయింది. సిగ్గు మిగిలింది, అది నాది.

బుడ్డి


అక్టోబరు 29

బుడ్డికి,

జవాబు ఆలస్యమైంది. నీ కార్డు తిరిగి పంపుతున్నాను. గళ్ళు చిన్నవేమీ కాదు, సరిపోయాయి. అందులో ఉన్న అంకెలు నావి. నా దగ్గర పాత థర్మామీటరు ఒకటి ఉండిపోయింది. నువ్వడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు, ముప్ఫై రోజులు నేనే రాసి చూద్దామనుకున్నాను. నాకేం భారం, ఇన్ని వేల కాళ్ళు చూసినదాన్ని అనుకున్నాను.

మొదటి ఎనిమిది రోజులు చూడు, రెండు పాదాలూ ఒకటే. తొమ్మిదో రోజు కుడికాలి బొటనవేలి కింద రెండు డిగ్రీలు ఎక్కువ. పదో గడి ఖాళీ. పదకొండు ఖాళీ. పన్నెండో రోజు కొలిచాను, ఇంకొంచెం పెరిగింది. ఆ తర్వాత అయిదు రోజులు ఖాళీ. మొత్తం పదమూడు ఖాళీలున్నాయి, నువ్వే లెక్కపెట్టుకో.

మర్చిపోలేదు బుడ్డీ. థర్మామీటరు అద్దం ముందే ఉంది, తల దువ్వుకున్నప్పుడల్లా కనబడుతూనే ఉంది. తీరకా కాదు, నాకు తీరిక తప్ప ఇంకేముంది. భయమేసింది. కొలిస్తే ఎక్కువ వస్తుందని కొలవలేదు, కొలవకపోతే రానట్టు. నిన్న కింద టైలరు భార్య, "ఏమ్మా, కుంటుతున్నారు" అంటే, "తీరిక లేక చెప్పులు మార్చుకోలేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక మెట్ల మీదే కూర్చుండిపోయాను.

నా దగ్గరకొచ్చిన వాళ్ళందరూ ఇదే చెప్పారు. తీరలేదమ్మా, మర్చిపోయానమ్మా. నేను తలాడించి కార్డు తీసుకుని పంపేశాను. పదిహేను రోజులు ముత్యాల్లా రాసి ఆపేసిన ఆవిడ గురించి నీకు రాశాను. మూడు నెలల తర్వాత ఆవిడకు కాలు తీసేశారు. ఆ సంగతి నీకు రాయలేదు. ఆవిడ పదహారో రోజు ఏం చూసి ఆపేసిందో నాకు ఇప్పుడు తెలిసింది. వాళ్ళు భయపడ్డ రోజులన్నిటినీ నేను మామూలు అంకెలతో పూడ్చేశాను. పూడ్చినవాటిలో ఎవరు ఎక్కడ భయపడ్డారో ఇక నాకే తెలియదు.

నిన్న ఈ కార్డు కవర్లో పెట్టే ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పదమూడు గళ్ళు ఎంతసేపు. వేయలేదు.

బొటనవేలి కింద చర్మం ఎర్రబడి గట్టిపడింది. నొప్పి లేదు. నొప్పి లేదంటే అక్కడ స్పర్శ పోయిందని డాక్టరువి నీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళలేదు, అక్కడ అందరూ నన్ను సిస్టరుగారూ అంటారు, ఆ బల్ల మీద కాలు చాపి కూర్చోవడానికి నాకు కాళ్ళు రాలేదు.

ఇవాళ కూడా కొలవలేదు. శనివారం దాకా ఆగకు. నువ్వు వచ్చి కొలువు.

పెద్దమ్మ